ఎర్ర తొడుగులు

డాక్టరు నా అరికాలికి నైలాను దారం ఆనించి, "తగిలిందా?" అని అడిగాడు. కళ్ళు మూసుకోమన్నాడు కాబట్టి మూసుకొనే ఉన్నాను. ఇంకా మొదలుపెట్టలేదనుకొని, "పెట్టండి సార్, చెప్తాను" అన్నాను. కళ్ళు తెరిచి చూస్తే దారం నా బొటనవేలి కింద ఒత్తుకొని విల్లులా వంగి ఉంది. నేత ఇంట్లో పుట్టిన మనిషిని నేను. కళ్ళకు గంతలు కట్టినా వేలితో తాకి పడుగు దారమేదో, పేక దారమేదో చెప్పగలదాన్ని. అట్లాంటిదాని కాలికి దారం తగిలితే తెలియలేదు.

"షుగర్ ఎన్నేళ్ళ నుంచి?" అన్నాడు. ఎనిమిదేళ్ళన్నాను. "ఏం పని చేస్తారు?" ఏఎన్‌ఎమ్‌ని, దేవరకొండ చుట్టుపక్కల తండాలు తిరుగుతాను, టీకాలు, బాలింతలు, బీపీ చూడడం అన్నాను. ఆయన పెన్ను మూత పెట్టి నా ముఖంలోకి చూశాడు. ఉత్త కాళ్ళతో అడుగు వేయొద్దు. స్లిప్పర్లు వద్దు. ముందు భాగం వెడల్పుగా, తేలికగా ఉండే బూట్లు కొనుక్కోండి. వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి. ఇంటికి రాగానే పాదాలు చూసుకోండి. ఇసుక రేణువు గుచ్చుకున్నా మీకు తెలియదు, గుర్తుపెట్టుకోండి అన్నాడు.

ఇవి నాకు కొత్త మాటలా? పదిహేనేళ్ళుగా షుగరున్న ముసలమ్మల ముందు కూర్చొని నేను చెప్పేవే. "అవ్వా, రోజూ కాళ్ళు చూసుకుంటున్నవా లేదా?" అని గద్దించిన నోరే ఇది. ఎదుటివాళ్ళకు చెప్పేటందుకే నీతులన్నారు, ఊరికే అనలేదు.

మా అమ్మకు కాలు తీసేశారు. అదీ షుగరే. ఇంట్లో నూలుకు రంగులద్దే పని ఆమెది, మా నాన్నది. నాన్నను బాపు అంటాం. రంగు నీళ్ళు పారబోసే వాకిట్లో ఉత్త కాళ్ళతో తిరిగేది. వేలి కింద చిన్న పుండైంది. మేం చూసేసరికి నల్లబడిపోయింది. మొదట వేలన్నారు, తర్వాత పాదమన్నారు, చివరికి మోకాలి కింది దాకా తీసేశారు. ఆ తర్వాత పదకొండు నెలలు బతికింది. బతికిందంటే మంచంలో ఉంది, అంతే. గలగలా మాట్లాడే మనిషి, దుప్పటి ఎప్పుడూ ఆ కాలు మీదికి లాక్కుంటూ గోడ వైపు తిరిగి పడుకునేది. చావంటే నాకంత భయం లేదు. ఆ దుప్పటి లాక్కోవడమంటే భయం. నా కాళ్ళు రెండూ నాకుండాలి. డాక్టరు గది బయటికి వచ్చేటప్పుడు నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు.

మా ఆయనది జడ్చర్లలో మందుల కంపెనీలో పని. శనివారం శనివారం ఇంటికొస్తాడు. ఆ వారం వచ్చేటప్పుడు బూట్లు తెచ్చాడు. కొండలెక్కేవాళ్ళ బూట్లట. చీలమండ కిందనే ఆగిపోతాయి. ముందు వెడల్పు, అడుగున గట్టి రబ్బరు, పైన గాలాడే జాలీ గుడ్డ. సాయంత్రమయ్యేసరికి నా కాళ్ళు వాస్తాయి కాబట్టి చీలమండను బిగించే పెద్ద బూట్లు డాక్టరే వద్దన్నాడు. బాపు ఒక బూటు చేతిలోకి తీసుకొని తూచి చూశాడు. అమ్మ పోయాక బాపు మా దగ్గరే ఉంటున్నాడు. ఊరి నేతగాళ్ళకు ఇక్కణ్ణుంచే నూలుకు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట దారం బిగించి, రంగులద్ది బస్సులో పంపిస్తాడు. మా పెరట్లో ఎప్పుడూ ఏదో ఒక బకెట్ ఎర్రగానో నీలంగానో ఉంటుంది.

"గివేం బూట్లే? చేతుల వెడితె ఉన్నట్టే లేవు. గీటితోని గుట్టలెక్కుతరా?" అన్నాడు.

"ఎక్కుతరు బాపు. నీకేం తెల్వదు, ఊకో" అన్నాను. నా నోరు అట్లాంటిదే.

బూట్లు మంచివే. కానీ మా దారులు బూట్లు చేసినవాడికి తెలియవు కదా. వాగు దాటాక స్కూటీ పోదు. అక్కణ్ణుంచి రెండు తండాలకు నడకే. ఒక మైలు మొరం రాళ్ళు, ఒక మైలు నడుము దాకా గడ్డి. వానలు వెనక్కి పోయాక ఆ గడ్డికి సూదుల్లాంటి గింజలు వస్తాయి. చీరకు గుచ్చుకుంటే మెలితిరుగుతూ లోపలికే పోతాయి గానీ బయటికి రావు. పల్లేరుకాయలు సరేసరి. ఇవన్నీ బూటు పై అంచు నుంచి తీరిగ్గా లోపలికి దిగేవి. కాలు బాగున్నవాళ్ళకైతే చురుక్కుమంటుంది, ఆగి తీసేస్తారు. నాకా చురుకు లేదు. అందుకని నూరడుగులకోసారి ఆగి, రాయి మీద కూర్చొని, లేసులు విప్పి, బూటు దులిపి, చెయ్యి పెట్టి తడిమి, మళ్ళీ కట్టుకునేదాన్ని.

నా వెంట వచ్చే ఆశా కార్యకర్త చిన్నది, ఉడుకు రక్తం. చంకలో టీకాల డబ్బా పట్టుకొని నిలబడేది. "అక్కా, మల్లనా? గిట్లయితె మనం పోయేసరికి పిల్లల్ని తీస్కొని పత్తి చేన్లకు పోతరు" అనేది. మంచిదే అనేది గానీ నాకు కారం రాసినట్టుండేది. "నీ కాళ్ళు నీకున్నయి, నువ్వు గట్లనే అంటవ్ తియ్యి" అని కసిరేదాన్ని.

ఒకరోజు బూటు విప్పితే మేజోడులోకి ఒక సూదిగింజ సగం దాకా దిగి ఉంది. మేజోడు తిప్పి చూశాను. మొన చర్మానికి ఆనుకొని ఉంది. ఇంకో పదడుగులు వేస్తే దిగిపోయేది. నాకేమీ తెలియలేదు. రాయి మీద కూర్చొని ఆ గింజను వేళ్ళ మధ్య పట్టుకొని తిప్పి తిప్పి చూశాను. ఆ రోజే మా ఆయనకు ఫోన్ చేసి ఏడ్చాను.

ఆయన ఫోన్లో వెతికి వెతికి చెప్పాడు. కొండలెక్కేవాళ్ళకు గేటర్లని ఉంటాయట. బూటు పై అంచును, చీలమండను కలిపి మూసేసే తొడుగులు. మొదటి జత తెప్పించాడు. మోకాలి దాకా వచ్చాయి. మందపాటి నల్ల గుడ్డ, లోపల రబ్బరు పూత. మంచు కొండలెక్కేవాళ్ళవట. మా దగ్గర మంచంటే తెల్లారి గడ్డి మీద నాలుగు చుక్కలు, పొద్దెక్కితే నిప్పులు. ఒక్క రోజు వేసుకున్నాను. మధ్యాహ్నానికి లోపల పిక్కలు ఉడికిన చిలగడదుంపల్లా అయ్యాయి. చెమటకు చర్మం నానిపోయి ముడతలు పడింది. నానిన చర్మం తొందరగా చిట్లుతుందని నాకు తెలుసు. రాళ్ళకు భయపడి నేనే పుండు చేసుకునేట్టున్నానని వాటిని తీసి సంచిలో పడేశాను.

రెండో జత సాగే గుడ్డవి. చీలమండ పైకి నాలుగు వేళ్ళు మాత్రమే వస్తాయి. ముందు ఒక కొక్కెం, బూటు లేసుకు తగిలించాలి. వెనక మడమకు అంటించే పట్టీ. బరువే లేవు, గాలాడుతుంది. వేసుకుంటే ప్రాణం లేచొచ్చింది. మొరం దారి దాటి బూటు విప్పితే ఒక్క రాయి లేదు! ఆశా అమ్మాయి వైపు చూసి పెద్ద యుద్ధం గెలిచినట్టు నవ్వాను. గడ్డి దారి దాటాక ఆ నవ్వు పోయింది. సాగే గుడ్డలోకి సూదిగింజలు వరసపెట్టి దిగాయి. పైనుంచి రాకుండా పక్కనుంచి వచ్చాయి, అంతే తేడా. ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చొని ఒక్కొక్కటీ పీకుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. అరికాలిలో ఏమీ తెలియని మనిషిని, నెత్తికి మాత్రం ఎట్లా ఎక్కుతుందో.

బాపు వచ్చి నా చేతిలోంచి ఆ తొడుగు లాక్కున్నాడు. వెలుతురుకు ఎత్తిపట్టి రెండు చేతులా సాగదీశాడు.

"గిది నేత గాదే బిడ్డా, అల్లిక. ఉంగరాలు ఉంగరాలున్నది సూడు. లాగితె నోరు తెరుస్తది. నోరు తెరిచినంక సూది పోకుంటదా?" అన్నాడు. "దగ్గర నేత బట్ట గావాలె. పేక గట్టిగ కొట్టిన బట్ట. గది సాగదు. ముల్లు మొన వెడ్తె జారిపోవాలె గాని దిగొద్దు."

"గట్లాంటిది ఏడ దొరుకుతది బాపు?"

"ఏడనో దొరుకుడేంది? నీ అయ్య ఏం పని చేస్తడు?" అన్నాడు కోపంగా. నా కోపం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

రెండు రోజులు అదే పని. నన్ను నిలబెట్టి, కూర్చోబెట్టి, గొంతుక్కూర్చోబెట్టి చీలమండ చుట్టూ దారంతో కొలత తీశాడు. బిగుతుగా ఉంటే ఒప్పుకోనన్నాను. రక్తం ఆడని కాలికి బిగుతు విషం. రెండు వేళ్ళు దూరేటంత వదులు ఉండాల్సిందేనని పట్టుబట్టాను. వదులుంటే గింజలు దూరతాయని ఆయన. చివరికి పై అంచులో మెత్తటి నాడా పెట్టి, నేనే కట్టుకునేటట్టు చేశాడు. ముందు లేసుకు తగిలించడానికి నా పాత జాకెట్టు హుక్కులు. మడమ దగ్గర అంటించే పట్టీ. పాదం కింద నుంచి ఒక తాడు. "గీ తాడు రాళ్ళకు అరుగుతది. అరిగితె ఇంకోటేద్దాం, ఫికర్ జెయ్యకు" అన్నాడు. బట్ట మాత్రం తన పెట్టెలోంచి తీశాడు. ఎర్ర నూలు బట్ట, అక్కడక్కడ తెల్ల చుక్కలు. తను రంగద్దిన నూలుతో తను నేసిన ముక్క. రెండు తొడుగులూ కలిపి అరచేతిలో పెట్టుకుంటే నాలుగు తమలపాకుల బరువు లేవు.

వేసుకునే ముందు ఉప్పు నీళ్ళలో నానబెడదామని బకెట్ తీశాను. కొత్త చేనేత బట్ట ఏదైనా ఆడవాళ్ళం చేసే పనే అది. రంగు దిగకుండా ఉంటుందని. బాపు బకెట్ లాగి పక్కన పెట్టాడు.

"దుకాణంల కొన్న బట్టకు పొయ్యి ఉప్పు. నా బట్టకు అవసరం లేదు. నలభై ఏండ్లాయె రంగద్దవట్టి. నా రంగు దిగిందని ఒక్క మనిషి అన్నడా?"

అనలేదు. అది నిజమే. ఆ రంగు మీద ఆయనకున్న గర్వం ఇంట్లో ఎవరి మీదా లేదు. సరే తియ్యమని అట్లాగే వేసుకున్నాను.

అవి చేసిన మేలు ఎట్లా చెప్పాలి? గడ్డి దారి దాటాక వంగి చూస్తే గింజలు తొడుగు మీదనే ఆగి, చేత్తో దులిపితే రాలిపోయాయి. బూటు విప్పితే లోపల శుభ్రం. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. తండాలో ఒక అవ్వ నా కాళ్ళు చూసి, "సిస్టరమ్మా, కాళ్ళకు గూడ చీర గట్టినవా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నేనూ నవ్వాను. ఆశా అమ్మాయి తనకూ ఒక జత కావాలంది. నెల తర్వాత మేం టైముకు పోవడం మొదలైంది. పిల్లలు చేన్లకు పోకముందే దొరికేవాళ్ళు.

ఇక్కడే తప్పు చేశాను. తొడుగులున్నాయి కదా అని దారిలో ఆగడం మానేశాను. ఆగడం మానేస్తే మానేశాను, పొద్దున బూట్లు వేసుకునేటప్పుడు చెయ్యి పెట్టి తడమడం కూడా మానేశాను. పైనుంచి ఏదీ రాదు, ఇంక దేనికి? కిందినుంచి రావచ్చన్న ఆలోచనే రాలేదు. తుమ్మ ముల్లుకు పైదారి ఎందుకు?

ఒకరోజు పొద్దుటి నుంచే ముసురు. గడ్డంతా తడి. సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పితే ఎడమ మేజోడు ముందు భాగంలో అడుగున ఎర్రగా ఉంది. పెద్ద రూపాయి బిళ్ళంత. చూసి చూడగానే నాకొచ్చిన మాట ఒక్కటే. రంగు దిగింది. మా ఇళ్ళలో పుట్టినవాళ్ళెవరికైనా ఆ మాటే వస్తుంది. చిన్నప్పుడు మా చేతులు, కాళ్ళు, గోళ్ళు, గుమ్మాలు అన్నీ ఎర్రగానే ఉండేవి. బడిలో పంతులమ్మ, "ఏమ్మా, దెబ్బ తగిలిందా?" అని కంగారు పడితే పకపకా నవ్వేవాళ్ళం. ఎరుపు చూస్తే ఊరందరికీ నెత్తురు గుర్తొస్తుంది, మాకు బకెట్ గుర్తొస్తుంది.

కాలు సబ్బుతో కడుక్కున్నాను. బాత్రూంలో వెలుతురు తక్కువ, నడుము నొప్పి, పైపైన చూశాను. మేజోడు ఉతికి ఆరేశాను. రెండో రోజు మళ్ళీ ఎరుపు. మూడో రోజు మళ్ళీ. అప్పటికి నాకు కొంచెం జ్వరంగా కూడా ఉంది. ముసురుకు తడిసినందుకే అనుకొని గోలి వేసుకున్నాను. నర్సమ్మను మరి, నాకన్నీ తెలుసు!

మూడో రోజు సాయంత్రం ఆ మేజోడు తీసుకెళ్ళి పెరట్లో నూలు ఆరేస్తున్న బాపు ముందు పడేశాను.

"గిదా నీ దిగని రంగు? మూడు రోజుల సంది రోజుకో మేజోడు ఖరాబయితాంది. ఉప్పు నీళ్ళల్ల ఏస్తనంటె వద్దంటివి. నలభై ఏండ్లట! ఎవ్వరనలేదట! నేనంటున్న ఇప్పుడు. దిగింది నీ రంగు."

ఆయన ఎగిరి పడతాడనుకున్నాను. నాకూ ఆ పూట ఎవరితోనైనా గట్టిగా పోట్లాడాలనే ఉంది. ఆయన చేతిలోని నూలు వదిలేసి వంగాడు. మేజోడు తీసుకొని ఆ ఎర్ర మరక మీద బొటనవేలు పెట్టి రాశాడు. నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మా ఆయన తెల్లబట్టలు నానబెట్టే తెల్ల టబ్బు తెచ్చి, కుండలో కాగుతున్న వేడినీళ్ళు పోసి, నేను విప్పి పెట్టిన తొడుగులు తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను. ఎడమ తొడుగు నీళ్ళలో ముంచాడు. సబ్బు రుద్దాడు. పిండాడు. మళ్ళీ ముంచాడు. నీళ్ళు మట్టి రంగుకు తిరిగాయి. అవి పారబోసి మళ్ళీ వేడినీళ్ళు పోశాడు.

"నీ రంగు మంచిదని సాటింపు జేసుడు గాదు, నా మేజోళ్ళ సంగతి చెప్పు" అని నేను అరుస్తూనే ఉన్నాను. మొండి మనిషి, తన మాటే నెగ్గాలి, కూతురి కష్టం కంటే రంగు ఎక్కువ అని నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆయన నా వైపు చూడడం లేదు. టబ్బులోకి వంగి నీళ్ళనే చూస్తున్నాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. తనలో తను నన్ను తిట్టుకుంటున్నాడనుకున్నాను.

నీళ్ళు తెల్లగానే ఉన్నాయి. అడుగున టబ్బు కనిపిస్తోంది.

బాపు లేచి నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది. "రంగు దిగితె పైకెల్లి కిందికి దిగాలె బిడ్డా. మేజోడు పైన తెల్లగున్నది, అడుగు ఒక్కటే ఎర్రగున్నది. ఎట్లయితది? రంగు ఎండితె బట్ట మెత్తగుంటది. గిది అట్ట గట్టింది" అన్నాడు. "నీ కాలు సూపియ్యి."

నాకు ఆ మాట చెవిలో పడింది గానీ బుర్రలోకి పోలేదు. బాపు నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి, నా ముందు కింద కూర్చొని నా పాదం పట్టుకున్నాడు. "వద్దు బాపు, నా కాళ్ళు పట్టుకుంటవా? పాపం తగుల్తది నాకు" అని వెనక్కి లాక్కోబోయాను. కన్నతండ్రి పెళ్ళిలో అల్లుడి కాళ్ళు కడుగుతాడు గానీ కూతురి కాళ్ళు పట్టుకోడు. ఆయన వదల్లేదు. పాదం ఒళ్ళో పెట్టుకొని తిప్పి, బొటనవేలి కింది మడతను రెండు వేళ్ళతో విడదీశాడు.

"గీడ నొక్కుతున్న. నొస్తాందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు బాపు."

ఆయన తన వేళ్ళు ఎత్తి నాకు చూపించాడు. చీము, నెత్తురు. మడతలో చిన్న రంధ్రం, చుట్టూ వాచి నీలంగా అయింది. మధ్యలో నల్లగా ఒక మొన. విరిగిన ముల్లు. ఆయన నా ఎడమ బూటు తీసుకొని లోపల చెయ్యి పెట్టాడు, వెంటనే "హా" అని తీశాడు. ఆయన వేలి కొనన నెత్తురు చుక్క. మిగిలిన ముల్లు బూటు అడుగు గుండా లోపలికి నిక్కి ఉంది. మూడు రోజులు నేను దాని మీద నడిచాను.

పెరడు, నూలు, టబ్బు ఏవీ కనిపించలేదు. గోడ వైపు తిరిగి పడుకున్న అమ్మే కనిపించింది. "బాపు, నా కాలు తీసేస్తరు" అని చిన్నపిల్లలా ఏడ్చాను. ఆయన వీధిలోకి పరుగెత్తి ఆటో ఆపాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఆటోలో దవాఖానకు పోతుంటే నా పాదం తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు. గతుకుల్లో కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. సగం దారిలో, నా వైపు చూడకుండా అన్నాడు: "మీ అమ్మ కాలు కింద గూడ ఎర్రగ కనవడ్డది నాకు. ముందుగాల నేనే సూసిన. బకెట్ల కాలు వెట్టినవా ఏందే అని నవ్విన. గామె గూడ నవ్వింది. పది దినాలు అట్లనే పోయినయ్."

అమ్మ పోయి ఆరేళ్ళు. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆయన చెయ్యి మీద చెయ్యి వేశాను.

దవాఖానలో డాక్టరు కోసి ముల్లు తీశాడు, చీము పిండాడు. మత్తు సూది ఇవ్వబోయి, అవసరం లేదని తనే పక్కన పెట్టాడు. అది చూసి బాపు బయటికి వెళ్ళిపోయాడు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే వేలు తీయాల్సి వచ్చేదన్నాడు డాక్టరు. ఎముకకు పోయిందో లేదో వారం దాటితే గానీ చెప్పలేనన్నాడు. పోలేదు. వేలు దక్కింది. మానడానికి ఏడు వారాలు పట్టింది. ఇప్పుడు నేను మందపాటి అడుగున్న బూట్లు వేసుకుంటున్నాను, తొడుగులు అవే, బాపువే. కానీ తొడుగులున్నా లేకున్నా చెయ్యి పెట్టి తడమకుండా బూటు వేసుకోను. వాగు దాటగానే ఆగుతాను. ఆశా అమ్మాయి ఇప్పుడేమీ అనదు. తనే రాయి చూపిస్తుంది.

కానీ ఆ సాయంత్రం ఇవేవీ తెలియవు కదా. కాలికి కట్టుతో కుంటుకుంటూ బయటికి వస్తే బాపు వరండాలో బెంచీ మీద ఉన్నాడు. ఉత్త కాళ్ళు, వేళ్ళ సందుల్లో ఎర్ర రంగు. పక్కన కూర్చున్నాను. పెరట్లో అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

"తప్పయింది బాపు. నీ రంగు దిగలే. నేనే నోటికొచ్చినట్టు అన్న. నువ్వు నీ మాట నెగ్గాలని బట్ట ముంచుతున్నవనుకున్న" అన్నాను.

బాపు వంగి తన కాలివేళ్ళ సందులోని ఎర్ర రంగును గోటితో గీకాడు.

"నెగ్గాలని గాదే బిడ్డా. గా నీళ్ళు ఎర్రగ గావాలె, నా రంగు దిగాలె అని నర్సింహస్వామికి మొక్కుకుంట ముంచిన. నలభై ఏండ్లల్ల గట్ల మొక్కుడు గదే మొదలు. దిగకపాయె."